జగన్నాధం ఏ రోజున పోయినట్టు?

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళ కోసమూ, మరిచిపోయామని ఒప్పుకోనివాళ్ళ కోసమూ ముందుగా నాలుగు ముక్కలు. నౌపడ దగ్గర తోటగెడ్డలో జీడితోట ఆసామి జగన్నాధం పోయాడు. పోయిన కొన్నాళ్ళకి, తోట మొత్తం కొడుకు రమేష్‌బాబు పేరున దానపత్రం రాసి, రిజిస్ట్రీ కూడా చేసి మరీ పోయాడని బయటపడింది. సాలూరులో కాపురం ఉంటున్న కూతురు శైలజ తన వాటా సంగతి అడగబోతే, ముందు మీ నాన్న చనిపోయినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నాడు లాయరు. అదే దొరకలేదు. శుక్రవారం తెల్లవారుతూనే ఆమెకి ఫోను వచ్చింది, శుక్రవారం మధ్యాహ్నమే దహనం అయింది. కానీ గ్రామ సచివాలయం లెక్క ప్రకారం ఆ శుక్రవారం తోటగెడ్డలో ఒక్కరూ చావలేదు. "నాను రాయించనేదక్కా, దుక్కంలో ఉండిపోనాను" అన్నాడు రమేష్‌బాబు. ఆ మాట నమ్మి శైలజ ఊరుకునేదే. పోయిన వారం టెక్కలి బస్సులో, రమేష్‌బాబు మేడ పై వాటాలో అద్దెకుండే ఫిజిక్సు లెక్చరరు పక్క సీట్లో కూర్చుని, "మీ నాన్నగారు పుణ్యాత్ములండీ, గురువారం తెల్లవారుజామున శ్రవణా నక్షత్రంలో పోయారు. సర్టిఫికెట్ నా కళ్ళతో చూశాను" అన్నాడు. ఆ మాట విన్నాక శైలజ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

సోమవారం పొద్దున్నే మొగుణ్ణి లేపి, కారు తియ్యమంది.

గిరిబాబుకి సాలూరులో లారీల స్పేరుపార్టుల కొట్టు ఉంది. పదిమంది చేతులు మారి వచ్చిన తెల్ల కారు ఒకటి ఉంది. ఆ కారు మీద అతనికి ఉన్న మమకారం చూసి, మొదట్లో శైలజ మురిసిపోయింది, తరవాత కుళ్ళుకుంది, ఇప్పుడు అలవాటు పడింది. దారి పొడుగునా అతను ఒకటే మాట.

"పోనీలెద్దూ. సొంత తమ్ముడితో తగువెందుకు? జీడిచెట్లు మనం ఎక్కుతామా, దిగుతామా?"

"చెట్లెక్కడానికి కాదు. నాన్న ఎప్పుడు పోయాడో తెలుసుకోడానికి."

"పోయాడుగా. ఎప్పుడైతే ఏటి?"

ఎప్పుడైతే ఏమిటో శైలజకి తెలుసు. చావు కబురు రావడానికి ముందు సాయంత్రం, అంటే గురువారం సాయంత్రం, ఎందుకో మనసు బాగోక పుట్టింటికి ఫోను చేసింది. మరదలు నీలవేణి ఎత్తి, "మావయ్య పడుకున్నారు వదినా, లేపమంటారా?" అంది. వద్దులే, రేపు మాట్లాడతానంది శైలజ. ఆ 'వద్దులే' ఇన్ని నెలలుగా ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. లేపి ఉంటే ఒక్క మాట దక్కేది. తోటలో సగం దక్కకపోయినా బతకొచ్చు. ఆ ఒక్క మాట ఎలా పోయిందో తెలియకుండా బతకడం కష్టంగా ఉంది.

తోటగెడ్డ సచివాలయం గోడల రంగు మారినప్పుడల్లా ప్రభుత్వం మారిందని ఊరి జనానికి తెలుస్తుంది. లోపల మాత్రం ఏ ప్రభుత్వానికీ లొంగని ఇనప బీరువా ఒకటి, తలుపు సగం తెరుచుకుని, తాడుతో కట్టేసి ఉంటుంది. శైలజ లోపలికి అడుగు పెట్టేసరికి ఆ బీరువా పక్కన వేలిముద్రల మిషను ముందు మేనత్త తాతమ్మ కూర్చుని ఉంది. రేషను కార్డుకి వేలిముద్ర వెయ్యమన్నారు. మిషను దగ్గరున్న అమ్మాయి ముసలావిడ బొటనవేలిని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, పౌడరు రాసి, మళ్ళీ తుడిచి నొక్కుతోంది. మిషను ప్రతిసారీ ఎర్రలైటు వెలిగించి కుయ్యిమంటోంది.

తప్పు మిషనుది కాదు. తాతమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ జీడిపిక్కలు కొట్టింది. జీడిసొన వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది. ఆ ఇంట్లో పాతతరం వేళ్ళన్నీ అంతే. జగన్నాధానికి కూడా నెలనెలా పింఛను ఇచ్చేటప్పుడు వేలు పడక, చివరికి కంటిపాప చూసే మిషనుకి కన్ను పెట్టించి ఇచ్చేవారు.

"తిన్నావా అత్తా?" అంది శైలజ.

"ఏటి తింతానే శైలూ! ఏలిస్తే పడనేదంతారు. కన్నిస్తే కార్డేదంతారు. కార్డిస్తే మళ్ళీ ఏలంతారు. ఈలు బియ్యమిచ్చీసరికి నా నోట్లో ఆలే బియ్యం పోస్తారు."

పంచాయతీ సెక్రటరీ అరుణశ్రీ కంప్యూటరు వెనకనుంచి తల ఎత్తింది. విజయనగరం పిల్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరినీ 'కూర్చోండి' అనేది. ఇప్పుడు కుర్చీ తీసి లోపల పెట్టించింది.

"శుక్రవారానికి లేదని రాసి కూడా ఇచ్చాను కదండీ. మళ్ళీ ఏంటి?"

"శుక్రవారం వద్దమ్మా. దానికి ముందు గురువారం సూడండి."

"రోజుకో తేదీ అడిగితే ఎలాగండీ? మీ నాన్నగారు ఏ రోజు పోయారో మీకే తెలీదా?"

"తెలుసనే అనుకున్నాను."

"అయినా మీరు ఆడపిల్ల. పెళ్ళై వెళ్ళిపోయారు. మీ తమ్ముడిగారి సంతకం తెచ్చుకోండి, చూద్దాం."

"చావు రికార్డు ఫీజు కట్టి ఎవులైనా వెతికించుకోవచ్చునట. కొడుకే కానక్కర్లేదు, కూతురే కానక్కర్లేదు, దారినపోయే దానయ్యయినా చాలునట. చట్టంలో ఉన్నాదట."

"మీరు నాకు చట్టం చెప్తారా?"

"మీరు నాకు చెప్పలేదు గదమ్మా. అందుకని."

గుమ్మం దగ్గర నిలబడ్డ గిరిబాబు గోడ మీది డెంగీ దోమ పోస్టరు వైపు తిరిగాడు. భార్య తగువు పెట్టుకున్నప్పుడల్లా ఆరోగ్య విషయాల మీద శ్రద్ధ చూపించడం అతని పద్ధతి.

అరుణశ్రీ విసురుగా తేదీ కొట్టింది. మీట నొక్కింది. తెర మీద ఏదో వచ్చింది. వచ్చినదాన్ని చూసి, శైలజని చూసి, మెల్లగా తెరని అవతలకి తిప్పింది.

"నెట్ పోయింది" అంది.

ఆఫీసుల్లో నెట్ పోవడం అత్తవారింట్లో తలనొప్పి లాంటిది. నిజంగా ఉందా లేదా అని ఎవరూ పరీక్ష చెయ్యలేరు.

"మీ మొహం మీద ఎలుగు ఇంకా పడతన్నాదమ్మా" అంది శైలజ. "నాన్న పేరు వచ్చిందా, లేదా?"

"దిద్దుబాటు దరఖాస్తు పెండింగులో ఉందండీ. అది తేలేదాకా నకలు ఇవ్వడం కుదరదు."

అనేసి నాలిక కరుచుకుంది. లేని రికార్డుకి దిద్దుబాటు ఉండదన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

సరిగ్గా అప్పుడే బయట బండి ఆగింది. రమేష్‌బాబు హెల్మెట్ చంకలో పెట్టుకుని, ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చాడు. వెనకాల నీలవేణి. రమేష్‌బాబు ఇన్సూరెన్సు ఏజెంటు. "రేపు మనం ఉండకపోవచ్చు" అన్న మాటతో పలకరింపు మొదలుపెట్టే వృత్తి. అతను ఎదురొస్తే తోటగెడ్డలో సగం మంది రోడ్డు దాటి అవతలకి పోతారు. చావంటే భయపడి కాదు, ప్రీమియం అంటే భయపడి.

"ఏటక్కా, పొద్దున్నే ఆపీసులో రచ్చ?"

"రచ్చ కాదురా. నాన్నని ఎతుకుతన్నాను. నువ్వెక్కడ దాసినావో సెప్తే ఎల్లిపోతాను."

"సూసినారా మేడమ్?" అన్నాడు రమేష్‌బాబు అరుణశ్రీతో, ఇంట్లో పిచ్చివాళ్ళున్నవాడి ఓర్పుతో. "తోట మీద కన్ను. నాన్న బతికినన్నాళ్ళూ సూడ్డానికి రానేదు గానీ..."

"ఒరే రమేసూ, వచ్చానో రాలేదో తరవాత. రాయించలేదన్నావు. దుక్కంలో ఉండిపోనానన్నావు. దుక్కంలో ఉండే లెక్చరరుకి సర్టిఫికెట్ సూపించినావా?"

రమేష్‌బాబు మొహం మీద ఓర్పు రెండు క్షణాలు నిలబడి, దిగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జగన్నాధం పోయాడని ఊరికి తెలిసిన శుక్రవారం ధనిష్ఠా నక్షత్రం. ధనిష్ఠలో చావు జరిగితే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. ధనిష్ఠ మొదలు ఐదు నక్షత్రాల దోషాన్ని పంచకం అంటారు. దేవుడు లేడని వాదించేవాళ్ళు కూడా పంచకం దగ్గరికి వచ్చేసరికి, పక్కింటివాడు ఖాళీ చేశాడా లేదా అని కిటికీలోంచి చూస్తారు. రమేష్‌బాబు మేడకి గృహప్రవేశం అయ్యి అప్పటికి రెండు నెలలే. సోఫాల మీద కొట్టువాడు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. నీలవేణి కొత్త వంటింటి అల్మరాల్లో సామాను పెడితే గీతలు పడతాయని, గిన్నెలన్నీ నేల మీదే పెట్టి వండుతోంది. అలాంటి ఇంటికి తాళం వెయ్యమని ఊరు ఊరంతా సలహా ఇచ్చింది. ఇవ్వడానికి డబ్బులు ఖర్చవని వస్తువు అదొక్కటే. పై వాటాలో లెక్చరరు పెట్టె సర్దుకున్నాడు. శుక్రవారం కాదు, ముందు రోజు తెల్లవారుజామునే శ్రవణంలో పోయాడు, అక్క కోసం శవాన్ని ఉంచామని రమేష్‌బాబు మొత్తుకున్నాడు. లెక్చరరు ఫిజిక్సు మనిషి కావడం వల్ల నోటిమాట ఒప్పుకోలేదు. ఆధారం అడిగాడు. రమేష్‌బాబు సచివాలయానికి వెళ్ళి ఆధారం తెచ్చాడు.

"గురువారం తెల్లారగట్ల పోయినాడని నువ్వే రాయించినావు" అంది శైలజ, సంచీలోంచి దానపత్రం జిరాక్సు తీస్తూ. "ఇది సూడు. గురువారం మజ్జానం రిజిస్ట్రీ అయినాది. తెల్లారగట్ల సచ్చిపోయినోడు మజ్జానం భోంచేసి, లెగిసెల్లి, నీకు తోట రాసిచ్చినాడా?"

జిరాక్సులో మంకీ క్యాపు పెట్టుకున్న ముసలాయన బొమ్మ ఉంది. జిరాక్సులో ముసలివాళ్ళంతా ఒకేలా ఉంటారు, కాస్త మసిగా. అరుణశ్రీ దాన్నీ తన తెరనీ మార్చి మార్చి చూసింది. మౌసు మీదనుంచి చెయ్యి తీసేసింది, అది కాలినట్టు.

రమేష్‌బాబు ఫైలుని బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"అదే దిద్దడానికి వచ్చినానక్కా. తప్పు సేసినాను. పదిమందిలో ఒప్పుకుంతన్నాను. నాన్న పోయినది శుక్రవారమే. ధనిష్ఠలోనే. కొత్తిల్లు మూసుకోలేక ఒక్క రోజు వెనక్కి జరిపించినాను. ఇదుగో అఫిడవిట్టు. దోషం మాకే తగలనీ. నాన్న రాసిచ్చిన కాగితం మాత్రం నిజం."

శైలజ తెల్లబోయింది. జుట్టు పట్టుకుందామని వస్తే, వాడు గుండు చేయించుకుని ఎదురొచ్చినట్టుంది. ఆమెకన్నా ముందు నీలవేణికి మాట వచ్చింది.

"ఏటన్నారూ? ధనిష్ఠ అని మీ నోటితో మీరే అంటారా? ఇప్పుడు ఇల్లు మూసెయ్యమంటే మూసేస్తారా? నా వంటిల్లు ఏం కావాలి? పై వాటా ఆయన రేపే దిగిపోతాడు. మా అమ్మావాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? కాగితం జోలికి వెళ్ళనన్నారు కదా! అయినా జరిగిన రోజే కదండీ రాయించాం..."

రమేష్‌బాబు చంకలోని హెల్మెట్ నీలవేణి కాలి మీద పడింది. పడిందో, వేశాడో చూసినవాళ్ళు తరవాత కూడా తేల్చలేకపోయారు. ఆవిడ మిగతా మాట "అమ్మా" అన్నదాంతో ముగిసింది.

"నీకు తెల్దు, నువ్వూరుకో" అని, అక్క వైపు తిరిగాడు. గొంతులో మళ్ళీ ఏజెంటు వచ్చాడు. "అక్కా, నువ్వే సెప్పు. గురువారం సందేళ నువ్వు ఫోన్ సేసినావా, లేదా?"

శైలజ చెయ్యి సంచీలోని ఫోను మీదికి పోయింది.

"సేసినావు. మావయ్య పడుకున్నారని నీలవేణి సెప్పింది. లేపమంటావా అని కూడా అడిగింది. నువ్వే వద్దన్నావు. సచ్చిపోయినోణ్ణి లేపమంటావా అని ఎవులైనా అడుగుతారేటి? గురువారం సందేళకి నాన్న బతికున్నాడనడానికి నువ్వే సాక్షివి. నాన్నతో ఆఖరి మాట పోగొట్టుకున్నది నువ్వు. ఇప్పుడొచ్చి నామీద పడతన్నావు!"

గొంతులోని చేపముల్లుని వాడు వేలు పెట్టి ఇంకా లోపలికి తోశాడు. ఇన్నాళ్ళూ రాత్రింబవళ్ళు తనని తాను అడుగుతున్న ప్రశ్నని, వాడు నలుగురి ముందు అఫిడవిట్టులా చదివేశాడు.

అరుణశ్రీకి ఏ ఇంటి ఏడుపుతోనూ పని లేదు. తన సంతకం కింద తప్పు తేదీ ఉందన్న బాధ ఆమెది.

"అప్పుడు నాకు అబద్ధం చెప్పారన్నమాట. బాగుంది. ఇప్పుడు దిద్దాలంటే మీ అఫిడవిట్టు ఒక్కటీ చాలదు. గురువారం ఆయన బతికి ఉండగా చూసిన సాక్షులు కావాలి. ఇంట్లోవాళ్ళు కాదు, అవతలి పక్షం వాళ్ళైతే మరీ మంచిది."

"అవతలి పక్షమే ఉన్నాది మేడమ్" అన్నాడు రమేష్‌బాబు. "బావా! దోమల్ని సూసింది చాలు గానీ, ఇలా రా."

గిరిబాబు రాలేదు. డెంగీ లక్షణాల్లో ఇంకా మూడు చదవాల్సి ఉన్నట్టు నిలబడ్డాడు.

"గురువారం నాన్నని రిజిస్ట్రీ ఆపీసుకి తీసుకెళ్ళింది ఎవులనుకున్నావక్కా? మీ ఆయనే. ఆ తెల్లకారులోనే."

శైలజ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ఆ గురువారం గిరిబాబు రాయగడ వెళ్ళాడు, లారీ టైర్ల కోసం. టైర్లు దొరకలేదని రాత్రి పొద్దుపోయి వచ్చాడు. అలసిపోయాడని ఆమె వేడినీళ్ళు కాచి పెట్టింది.

"రాయగడ" అంది.

"రాయగడే ఎల్దామనుకున్నానే" అన్నాడు గిరిబాబు, దోమతో చెప్తున్నట్టు. "మద్దిలో రమేష్ ఫోన్ సేసినాడు. మావయ్యని ఆపీసుకి దింపాలి, ఊళ్ళో బండేదీ దొరకలేదన్నాడు. అక్కకి సెప్పొద్దు, గొడవపడతాదన్నాడు."

"దేనికెళ్తన్నారో తెలుసా మీకు?"

జవాబు రమేష్‌బాబు చెప్పాడు.

"తెలకేటి! కారు ఇన్సూరెన్సు ఊరికే రెన్యువల్ సేయించినాను కదా, బావా?"

ఆడదాని వాటా తోటలో సగం. ఆ సగాన్ని పదిమంది చేతులు మారిన కారు బీమాకి చెల్లేసిన మొగుణ్ణి శైలజ ఎగాదిగా చూసింది. అదైనా పూర్తి బీమా కాదు. గుద్దితే అవతలివాడికి మాత్రమే వచ్చేది.

"ఇంటికెళ్ళాక సెప్తాను మీ సంగతి" అంది. తరవాత తగ్గిన గొంతుతో, "నాన్న ఎలాగున్నాడు? ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదే. నేనెల్లేసరికే వీధి మొగలో బండెక్కించడానికి రడీగా నిలబెట్టినారు. మంకీ క్యాపూ, మాస్కూ. దుప్పటొకటి. వెనక సీట్లో కూకున్నాడు. దగ్గుతన్నాడని నేను అద్దాలు దించేసినాను. నాకసలే డస్టెలర్జీ."

"రాసుకోండి మేడమ్" అన్నాడు రమేష్‌బాబు. "సొంత అల్లుడు. ఆపీసులో కూడా ఏటీ ఇబ్బంది లేదు. వేలు పెట్టమంటే పెట్టినాడు. ఒక్క దెబ్బకి పడిపోనాది. పచ్చలైటు."

బీరువా పక్కన మిషను మళ్ళీ కుయ్యిమంది. ఎర్రలైటు. "ఇంకొక్కసారి మామ్మా, గట్టిగా నొక్కు" అంటోంది ఆ అమ్మాయి.

శైలజ తల ఆ వైపు తిరిగింది. తాతమ్మ బొటనవేలు పౌడరు రాసుకుని, నున్నగా, గులకరాయిలా మెరుస్తోంది.

"ఎవులి వేలు పడిందిరా?" అంది శైలజ.

"నాన్నది."

"పింఛనుకి ఏనాడూ పడని వేలు?"

"ఆ రోజు పడింది. దేవుడు పడేయించినాడు. నీకేటి బాధ?"

అరుణశ్రీ కలం పట్టుకున్నదల్లా ఆగింది. జగన్నాధానికి నెలనెలా పింఛను ఇచ్చినప్పుడు కన్ను పెట్టించింది ఈ ఆఫీసు వాళ్ళే. రిజిస్ట్రీ ఆఫీసు మిషనుకి గీతలు పడితే చాలు, అవి ఎవరివని అడగదని కూడా ఆమెకి తెలుసు. రమేష్‌బాబు ఏదో అనబోయాడు. ఈలోగా తాతమ్మ స్టూలు మీదనుంచి లేచింది. వేలు మిషనుకి ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఉంది. మాటలన్నీ ముక్కలు ముక్కలుగా ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి.

"ఒరే రమేసూ. ఏటంతన్నావు? మీ బాబు సుక్కురోరం పోనాడంతన్నావా?"

"నువ్వు కూకో అత్తా. ఆపీసు యవ్వారం."

"కూకుని కూకుని నడుం పోనాది. సుక్కురోరం ఏట్రా? లచ్చివారం కోడి కుయ్యకముందు నా సేతిలోన గదా పోనాడు! తులసినీళ్ళు నాను గదా పోసినాను!"

లక్ష్మివారం అంటే గురువారమే. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నీలవేణి కాలు నొప్పి గుర్తొచ్చినట్టు బెంచీ మీద కూలబడింది.

"అత్తకి మతి సరిగ్గా లేదు మేడమ్, వయసు" అన్నాడు రమేష్‌బాబు. నవ్వబోయాడు. పెదవులు తోడు రాలేదు.

"మతి నేందాన్ని అయితే ఆ పూట నా కాళ్ళట్టుకుని ఏల బతిమాలినావురా? శైలు వచ్చీదాకా ఏడవకత్తా, ఆడపిల్ల రాకుండా ఏడుపెత్తితే ఇంటికి అరిష్టమన్నావు. తోడబుట్టినోడు సచ్చిపోతే, నోట్లో కొంగు కుక్కుకుని రేకులగదిలో కూకున్నాను. నీ పెళ్ళాం టీవీ పెట్టీసి, బయట గెడెట్టీసినాది. ఏదో సీరియలు. అందులోన ముండ ఏడుస్తాది, నాను ఏడవకూడదు!"

"అత్తా, నాన్నెక్కడున్నాడు అప్పుడు?" అంది శైలజ.

"ఏసీ గదిలోన! బతికినన్నాళ్ళూ బురదకాళ్ళని ఆ గడప తొక్కనిచ్చీవోరు కారు. సచ్చినాక ఒక పగలూ ఒక రాత్రీ అందులోనే మారాజులా తొంగోబెట్టినారు."

శుక్రవారం తాను వచ్చి పడి తండ్రి పాదాలు పట్టుకున్నప్పుడు అవి ఐసుముక్కల్లా ఉన్నాయి. పుణ్యాత్ముల కాళ్ళు అలాగే చల్లగా ఉంటాయక్కా అన్నాడు తమ్ముడు. ఆమె ఆ మాట నలుగురికీ చెప్పుకుంది కూడా.

మావయ్య పడుకున్నారు వదినా, లేపమంటారా?

అంటే ఆ సాయంత్రం తాను 'లేపు' అని ఉంటే? నీలవేణి ఏం చేసేది? శైలజ మరదలి వైపు చూసింది. నీలవేణి చూపు నేల మీదనుంచి లేవలేదు. గొంతులో ముల్లు కదిలింది. బయటికి రాలేదు గానీ, అది తను మింగింది కాదని, ఎవరో గుచ్చిందని తెలిసిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదత్తా?"

"నన్నెవులడిగినారే? ఈ ఊళ్ళో అందరూ నా ఏలడిగినోళ్ళే గానీ నోరడిగినోళ్ళేరీ?" తాతమ్మ మేనల్లుడి దగ్గరికి వచ్చి, బల్ల మీది ఫైలుని ఆ నున్నటి వేలితో పొడిచింది. "నువ్వు నీ బతుక్కి ఒక్క నిజం రాయించినావురా. అదీ ఇల్లు మూసీమంతారని బయపడి రాయించినావు. ఆ ఒక్కదాన్నీ ఇప్పుడు సెరిపీడానికి వచ్చినావేటి?"

రమేష్‌బాబు ఫైలు మీద చెయ్యి వేశాడు. అరుణశ్రీ అంతకన్నా ముందే దాన్ని తన వైపు లాక్కుంది.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి" అంది. "రిసీవ్డ్ స్టాంపు కొట్టేశాను."

కొట్టలేదు. ఆ మాట అన్నాక కొట్టింది. అదేమిటో, నెట్ కూడా అప్పుడే తిరిగొచ్చింది. మూలనున్న ప్రింటరు రెండుసార్లు మూలిగి, జగన్నాధం మరణ ధ్రువీకరణ పత్రాన్ని బయటికి తోసింది. గురువారం, తెల్లవారుజాము. అరుణశ్రీ దాన్ని శైలజ చేతికి ఇస్తూ, "కూర్చోండి" అంది. ఆ మాట అని చాలా కాలం కావడంవల్ల, కుర్చీ లేదన్న సంగతి మరిచిపోయింది.

శైలజ కూర్చోలేదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. గిరిబాబు దగ్గరికి నడిచింది. పెళ్ళయినప్పటినుంచీ అతన్ని 'మీరు' అనే అంది, ఎంత కోపంలోనైనా. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు.

"నువ్వు సెప్పు. తెల్లారగట్ల మా నాన్న పోయినాడు. ఏసీ గదిలో ఉన్నాడు. మజ్జానం నీ కారులో ఎక్కించుకున్నది ఎవుల్ని?"

"నాకేటి తెల్దే... ఒట్టు" అన్నాడు గిరిబాబు. "మావయ్యే అనుకున్నాను. మాస్కు తియ్యలేదు. సోడా ఇస్తే గుడ్డ కిందనుంచే తాగినాడు..."

"బావా, నోర్ముయ్" అన్నాడు రమేష్‌బాబు.

ఇంతసేపట్లో అతను వేసిన మొదటి తప్పటడుగు అది. అంతవరకూ గిరిబాబుకి గుర్తు రానిది, నోర్ముయ్యమనేసరికి గుర్తొచ్చింది. కళ్ళు పెద్దవి చేసుకుని, ఎదురుగా ఏదో కనిపిస్తున్నట్టు నిలబడిపోయాడు.

"మళ్ళీ వీధి మొగలో దింపినప్పుడు..." అన్నాడు. "రమేష్ కారు దిగి ముందుకెల్లిపోయినాడు. మావయ్య నా దగ్గరికొచ్చి, చెయ్యి సాపి నిలబడ్డాడే. జబ్బుకి మతి పోయినాదేమో అనుకుని నేనెవులికీ సెప్పలేదు."

"ఏటన్నాడు?"

"'బాబూ, నా కూలి మీరిచ్చేస్తారా, ఆరిచ్చేస్తారా?' అన్నాడు."